నిండు బండికి దారి

మా బాపు మా ఆయనతో నేరుగా మాట్లాడడు. కోపమేం లేదు, అది ఆయన పద్ధతి. మా పెండ్లయి ఇరవై రెండేండ్లయినా అల్లునికి ఏదన్నా చెప్పాలంటే "బిడ్డా, అల్లునికి చెప్పు" అనే మొదలుపెడతాడు. అల్లుడు పక్కనే కూర్చుని వింటున్నా సరే. పోయినేడు మే నెలలో ఆ మాట స్కాట్లాండులో, ఒక కొండదారి మధ్యలో అన్నాడు. ఆ ఒక్క మాట నన్ను ఇంటికొచ్చాక నెలల తరబడి పాత పుస్తకాలు తిరగేసేలా చేసింది.

మా చెల్లె గ్లాస్గోలో ఉంటుంది. రెండేండ్ల నుంచి రమ్మని ఒకటే పోరు. అమ్మ పోయాక బాపు బోధన్ దగ్గర ఊళ్ళో ఒక్కడే ఉంటున్నాడు. డెబ్బై ఆరేండ్లు. ఆయన్ని వదిలి నెల రోజులు ఎలా పోతామని నేను మొండికేస్తే, మా ఆయనే "ఆయనకూ టికెట్ తీస్తే అయిపోతుంది కదా" అన్నారు. అలా ఐదుగురం బయలుదేరాం. మా ఆయన ఆర్టీఏ ఆఫీసుకు పోయి అక్కడ నడపడానికి ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా తీసుకున్నారు. నిజామాబాద్ నుంచి హైదరాబాద్ వందసార్లు నడిపిన మనిషి, పైగా ఆ దేశంలోనూ మనలాగే ఎడమ పక్క నడపడమే. ఇక భయమేముంది?

భయం ఎక్కడుందో స్కై దీవికి పోయాక తెలిసింది. బ్రాడ్‌ఫర్డ్ అనే ఊరి నుంచి ఎల్గోల్ అనే సముద్రపు పల్లెకు ఒక రోడ్డు పోతుంది. అది ఒక్క కారు పట్టేంత వెడల్పే. మన ఊళ్ళల్లో పొలాల మధ్య సీసీ రోడ్డు లాంటిదనుకోండి, కాకపోతే మైళ్ళ కొద్దీ అంతే. వచ్చే బండ్లూ పోయే బండ్లూ అదే ముక్క మీద. కొంత దూరానికొకసారి రోడ్డు పొట్ట ఉబ్బినట్టు కాస్త వెడల్పవుతుంది. అక్కడ ఒక తెల్ల బోర్డు మీద 'పాసింగ్ ప్లేస్' అని ఉంటుంది. ఎదురుగా బండి కనబడితే ఎవరికి దగ్గరుంటే వాళ్ళు అందులో ఆగి ఎదుటివాడికి దారివ్వాలి. అది మన ఎడమ పక్కనుంటే అందులోకి దిగాలి, కుడి పక్కనుంటే దానికెదురుగా రోడ్డు మీదే ఆగితే ఎదుటివాడు అందులోంచి తిరిగి పోతాడు. అవసరమైతే వెనక్కి తీయాలి. ఎత్తు ఎక్కి వచ్చేవాడికి, దిగేవాడు దారివ్వాలి. ఇవన్నీ వాళ్ళ డ్రైవింగ్ నియమాల పుస్తకంలో ఉన్నవే. మా చెల్లె ముందురోజు రాత్రి ఫోనులో అప్పజెప్పించింది కూడా.

మేం దిగుతున్నాం. ఎదురుగా ఒక ట్రాక్టరు ఎక్కుతోంది. వెనకాల ట్రాలీ నిండా పెద్ద పెద్ద గడ్డి చుట్టలు. మా వెనక పాసింగ్ ప్లేస్ వంద అడుగులు దాటి వచ్చేశాం. ఆయన వెనకా ఒకటుంది, కొంచెం దూరంగా. రెండు బండ్లూ ముఖాముఖి ఆగాయి. ట్రాక్టరతను తొందర పెట్టలేదు, హారన్ కొట్టలేదు. ఊరికే కూర్చున్నాడు. మా ఆయన కూడా కూర్చున్నారు. "అతనిది ఇక్కడి ఊరే, అతనికి అలవాటే, అతనే తీస్తాడులే" అన్నారు. అలా ఒక నిమిషం గడిచింది. అలాంటి చోట నిమిషం ఎంత పొడుగ్గా ఉంటుందో చెప్పలేను.

అప్పుడు వెనక సీట్లోంచి బాపు అన్నాడు: "బిడ్డా, అల్లునికి చెప్పు. అది నిండు బండి. మనమే ఎనుకకు తియ్యాలె."

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను మళ్ళీ చెప్పలేదు, చెప్పాల్సిన పని లేకపోయింది. రివర్స్ వేశారు. అలవాటు లేని ఆటోమేటిక్ కారు, ఎత్తుకు వెనక్కి నడపడం, అద్దంలో చూస్తే ఒక పక్క కొండ, ఇంకో పక్క కింద నీళ్ళు. ముప్పై అడుగులు పోయామో లేదో వెనక ఎడమ చక్రం రోడ్డు అంచు దిగి మెత్తటి మట్టిలో కూరుకుంది. కారు ఒక పక్కకు ఒరిగింది. మా చిన్నది కెవ్వుమంది. నేను దేవుడి పేరు తలచుకోవడం కూడా మరిచిపోయి డోరు హ్యాండిల్ పట్టుకుని బిగుసుకుపోయాను.

ట్రాక్టరతను దిగి నడిచి వచ్చాడు. బాపు వయసుకు ఓ పదేండ్లు తక్కువుంటాయేమో. ఏమీ అనలేదు. చేత్తోనే స్టీరింగ్ ఇటు తిప్పు, ఇప్పుడు మెల్లగా, ఇప్పుడు ఆపు అని చూపించుకుంటూ వెనక్కి నడిచాడు. చక్రం రోడ్డెక్కింది. పాసింగ్ ప్లేస్‌లో ఆగేవరకూ వదల్లేదు. తర్వాత తన ట్రాక్టరెక్కి మా పక్క నుంచి పోతూ స్టీరింగ్ మీంచి ఒక్క వేలు పైకి లేపాడు. అక్కడ దారిచ్చినందుకు థాంక్స్ అంటే అదేనట. బాపు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

ఇంగ్లీషు బోర్డు ఒక్కటి చదవలేని బాపుకు ఆ రోడ్డు రూలు ఎలా తెలుసు? ఆయనకు తెలిసింది ఆ రోడ్డు రూలు కాదు, శక్కర్‌నగర్ రోడ్డు రూలు.

మాది చెరుకు రాజ్యం. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువల్లో నీళ్ళు పారాక బోధన్ చుట్టుపక్కల నల్లరేగడి భూముల్లో చెరుకు లేచింది. కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు ఎందరో వచ్చి భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. ఇప్పుడు ఆ మాటకు నవ్వొస్తుంది గానీ అప్పట్లో వాళ్ళకు బోధన్ పరదేశమే. ఇక్కడి రాజు వేరు, కరోడ్‌గిరి అనే సుంకాల శాఖ వేరు, చెల్లే సిక్కా కూడా వేరు. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. దాని చుట్టూ పుట్టిన ఊరే శక్కర్‌నగర్. ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని బళ్ళో సార్లు చెబుతుంటే మేం ఏదో మేమే కట్టినట్టు ఛాతీ విరుచుకునేవాళ్ళం.

ఆ ఫ్యాక్టరీకి చెరుకు ఎలా వచ్చేది? ఎడ్లబండ్ల మీద. ట్రాక్టర్లు తర్వాతి మాట. కటింగ్ ఆర్డర్ రాగానే చెరుకు కొట్టి, బండికి ఎత్తుగా పేర్చి మోకులతో బిగించి, సందెవేళ బయలుదేరితే తెల్లారేసరికి కాంటా దగ్గర వరుసలో నిలబడేవాళ్ళు. మా ఊరి నుంచి పన్నెండు మైళ్ళు. బండి కింద కందిలి ఊగుతూ ఉండేది. ఎడ్లకు దారి తెలుసు కాబట్టి తోలేవాడు చెరుకు మీదే కునుకు తీసేవాడు. వరుసగా ముప్పై నలభై బండ్లు పోతుంటే దూరం నుంచి చూస్తే నేల మీద చుక్కలు నడుస్తున్నట్టు ఉండేదట. ఈ చివరి మాట మా నాయనమ్మది.

రోడ్డు మధ్యలో ఒక్క బండి పట్టేంత కంకర, రెండు పక్కలా రేగడి. ఎండాకాలం రేగడి రాయిలా ఉంటుంది. కానీ చెరుకు కొట్టే కాలంలో పక్కనే కాలువలు పారుతుంటాయి, పొలాల్లోంచి నీళ్ళు ఒరుస్తుంటాయి. రేగడి తడిసిందంటే చక్రం ఇరుసు దాకా దిగుతుంది. ఖాళీ బండైతే ఇద్దరు పట్టి లేపుతారు. టన్నుకు పైన చెరుకున్న బండైతే ఒరుగుతుంది, ఇరుసు విరుగుతుంది, కాడి కింద ఎద్దు మెడ నలుగుతుంది. అందుకే అందరూ ఒప్పుకున్న కట్టుబాటు ఒకటి ఉండేది. ఎదురుపడితే ఖాళీ బండి దిగాలి, నిండు బండికి కంకర వదలాలి. నిండు బండి ఎవరిదైనా సరే, దొరదైనా, పాలేరుదైనా. దీన్ని ఎవరూ రాయలేదు. ఏ పోలీసూ నిలబడి చూడలేదు.

ఇదంతా నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలియనిది ఆ రాత్రి బాపు చెప్పాడు. స్కైలో మేం దిగిన ఇంట్లో పిల్లలు పడుకున్నాక వంటింట్లో టీ పెడుతుంటే వచ్చి కూర్చున్నాడు.

"అల్లునికి కోపమొచ్చిందా?"

"లేదు బాపూ. భయపడ్డడు. నేను భయపడలేదా?"

కాసేపు గ్లాసు చేతుల మధ్య తిప్పుతూ కూర్చుని, "నేను ఒకపారి దిగలే" అన్నాడు.

అప్పుడు ఆయనకు ఇరవై నాలుగేండ్లట. పెండ్లి కాలేదు. కాంటా దగ్గర రెండు రాత్రులు వరుసలో ఉండి చెరుకు దించి, ఖాళీ బండి తోలుకొస్తున్నాడు. తెల్లారుజామున మోరీ దగ్గర చింతచెట్టు కింద ఎదురుగా నిండు బండి వచ్చింది. "వాడు అరిసిండు, దిగు దిగు అని. నాకు నిద్ర లేదు, పంతం. వాడే దిగుతడు తియ్ అనుకున్న. దిగిండు. బండి ఒరిగింది బిడ్డా. దాపటెద్దు కాలు ఇరిగింది."

నేను టీ పొయ్యడం ఆపేశాను.

"పెద్దమనుషులు ఏమన్నరు మరి?"

"వాళ్ళు కూసునేదాక నేను ఆగలే. పొయ్యి ఒప్పుకున్న. ఆ ఏడు చెర్కు పైసలు ఇంటికి రాలే. మా నాయిన నన్ను ఒక్క మాట అనలే, అదే ఎక్కువ కొట్టినట్టుండె." కొంచెం ఆగి అన్నాడు, "ఎద్దును అటెనుక నేను చూడలే. చూడబుద్ధి కాలే."

యాభై ఏండ్లకు పైగా మోసిన మాట అది. ఎల్గోల్ రోడ్డు మీద గడ్డి ట్రాలీ ఎదురుపడకపోతే నాతో ఎప్పటికీ చెప్పేవాడు కాదేమో.

ఇంటికొచ్చాక నాకు ఒక పురుగు పట్టుకుంది. ఈ 'నిండు బండికి దారి' ఎంత పాతది? మన దారుల మీద ఎవరైనా ఎదురుపడి నిలబడ్డ కథ ఎక్కడైనా రాసి ఉందా? నేను చదివింది బీఏ తెలుగు. ఇంగ్లీషు పుస్తకం పట్టుకుంటే పక్కన డిక్షనరీ ఉండాల్సిందే. అయినా మధ్యాహ్నాలు వంట పని అయ్యాక కూర్చుని, నాలుగు వందల ఏండ్ల కింద ఈ దారుల్లో తిరిగిన పరదేశీల పుస్తకాలు వెతికాను. మేం స్కాట్లాండులో ఎలా తికమక పడ్డామో వాళ్ళు మా ఇందూరు దారుల్లో అలాగే పడ్డారు. చదువుతుంటే కొంచెం సంతోషమేసిందని దాచను.

మొదట దొరికినవాడు టావెర్నియర్. ఫ్రాన్సు దేశపు రత్నాల వ్యాపారి, 1605లో పుట్టాడు. గోల్కొండ వజ్రాల కోసం మళ్ళీ మళ్ళీ వచ్చాడు. ఆయన ప్రయాణాల పుస్తకం 1676లో అచ్చయింది. సూరత్ నుంచి గోల్కొండకు ఎడ్లు లాగే చిన్న బండిలో వచ్చేవాడు. ఇద్దరు కూర్చునేది, పరుపులు, తెరలు ఉన్నది. అచ్చం మా తాతల నాటి కచ్చురం. అద్దె రోజుకు ఇంచుమించు ఒక రూపాయి. దారి పొడవునా కాపలాకు విల్లంబులవాళ్ళు, తుపాకులవాళ్ళు కలిసి ఇరవై ముప్పై మందిని కూడా పెట్టుకోవాలి. ఒక్కొక్కరికి నెలకు నాలుగు రూపాయలు. మేం కారుకు ఇన్సూరెన్సు కట్టినట్టన్నమాట.

ఎడ్లకు ఏం పెట్టేవారో కూడా రాశాడు. సగం దారి నడిచాక గోధుమపిండిలో వెన్న, నల్ల చక్కెర కలిపి పిసికిన ముద్దలు రెండో మూడో. సాయంత్రం నానబెట్టిన శనగలు. నల్ల చక్కెర అంటే బెల్లమే కదా. ఇది చదివి బాపుకు ఫోను చేస్తే, "మరేం పెడతరు, మాది కూడ గదే, వెన్న మాత్రం లేకుండె" అన్నాడు.

అసలు నేను వెతికింది తర్వాతి పేజీల్లో ఉంది. ఆ కాలంలో బియ్యం, గోధుమలు, పప్పులు, ఉప్పు దేశం ఆ కొస నుంచి ఈ కొసకు మోసేది ఎద్దుల మందలు. ఒక్కో బిడారులో పది పన్నెండు వేల ఎద్దులు. వాటిని తోలేవాళ్ళకు ఇల్లూ వాకిలీ లేదు, భార్యాపిల్లలతో దారి మీదే బతుకు. మనం లంబాడీలు, బంజారాలు అనేది వాళ్ళనే. ఇవాళ మా జిల్లాలో ఎన్ని తండాలున్నాయో చూస్తే ఆ దారులు ఎక్కడెక్కడ నడిచాయో ఊహించుకోవచ్చు. ఇరుకు దారిలో ఆ మంద ఎదురైతే బండిలో వచ్చే ప్రయాణికుడు పక్కకు తప్పుకుని, అన్ని ఎద్దులూ పోయేదాకా ఒక్కోసారి రెండు మూడు రోజులు ఆగాల్సిందేనట. రెండు మూడు రోజులు! నేను ఎల్గోల్ రోడ్డు మీద ఒక్క నిమిషానికి చెమటలు కక్కాను.

ప్రయాణికుడైతే ఆగుతాడు. రెండు బిడార్లే ఎదురుపడితే? ధాన్యం మోసేవాళ్ళూ ఉప్పు మోసేవాళ్ళూ ఎదురై, నువ్వు తప్పుకో అంటే నువ్వు తప్పుకో అని పట్టుబడితే రక్తాలు కారేవి. ఇద్దరివీ నిండు బరువులే. మా బాపు వాళ్ళ కట్టుబాటు అక్కడ పని చేయదు. చివరికి ఈ తగువు మొఘల్ చక్రవర్తి దాకా పోయింది. ఇలా కొట్టుకుంటుంటే దేశంలో తిండీ ఉప్పూ ఆగిపోతాయని ఆయన రెండు వర్గాల పెద్దలనూ పిలిపించి, కలిసి బతకమని చెప్పి, చెరో లక్ష రూపాయలూ చెరో ముత్యాల హారమూ ఇచ్చి పంపాడని టావెర్నియర్ రాశాడు. రోడ్డు మీద తగువుకు ఇంత ఖరీదైన రాజీ నేనింకెక్కడా వినలేదు. మా బాపు తగువులో డబ్బు ఎదురు పోయింది, ఆయన చేతి నుంచే.

రెండోవాడు థెవెనో. ఇతనిదీ ఫ్రాన్సే, 1633లో పుట్టాడు. వ్యాపారం లేదు, ఏమీ లేదు, చూడాలన్న కోరికతో తిరిగినవాడు. ఒక రకంగా మనలాంటి హాలిడే మనిషి. 1666లో సూరత్‌లో దిగాడు. ఎల్లోరా గుహలు చూసి, నాందేడ్ మీదుగా మా ఇందూరుకు, అక్కడి నుంచి ఇందల్వాయికి, అట్నుంచి భాగ్యనగరానికి వచ్చాడు. ఇందూరంటే ఇప్పటి నిజామాబాదే. అప్పట్లో ఇక్కడొక రాజా ఉండేవాడు. ఢిల్లీకి ఎంత వంగాలో గోల్కొండకు ఎంత వంగాలో తనే లెక్క చూసుకునే రకం. బండికి రెండు రూపాయలు కట్టమన్నాడట. వీళ్ళు చాలాసేపు వాదించి ఒక్క రూపాయికి దింపారు. మా ఊరి మొదటి బేరం చరిత్రకెక్కింది ఇలా!

ఇందల్వాయిలో కత్తులు, బాకులు, బల్లేలు చేస్తారనీ, అవి దేశమంతా అమ్ముడుపోతాయనీ, ఇనుము అక్కడి కొండల్లోదేననీ రాశాడు. ఇది నిజమే. మా జిల్లా కోనసముద్రం ఉక్కు కొనడానికి పర్షియా నుంచి కూడా వ్యాపారులు వచ్చేవారు. కానీ నన్ను ఆపేసింది కత్తులు కాదు, చెట్లు. మొఘల్ రాజ్యం ఎక్కడ అయిపోయి గోల్కొండ రాజ్యం ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి రాయి లేదు, గోడ లేదు. ఇటు ఇప్పచెట్లు, నడుమ ఒక వాగు, అటు ఈతచెట్లు. అంతే. తెలిసినవాడికి అదే సరిహద్దు. తెలియనివాడికి అడవి. మేం స్కైలో తెల్ల బోర్డులు చూసుకుంటూ పోయినట్టు ఆయన ఈతచెట్లు చూసుకుంటూ పోయాడు.

ఈతచెట్లు దాటాక సుంకాలవాళ్ళు. గోల్కొండ వైపు ఊళ్ళు జాగీర్దార్లకిచ్చారు కాబట్టి ఎవరి ఊళ్ళో వాళ్ళు నోటికొచ్చినంత అడిగేవారట. ఇరవై కట్టాల్సిన చోట యాభై. సరిహద్దు నుంచి భాగ్యనగరం వరకు ఇరవై మూడు లీగుల దూరంలో పదహారు చోట్ల కట్టించుకున్నారని లెక్క పెట్టి మరీ రాశాడు. పాపం, థెవెనో ఎక్కువ కాలం బతకలేదు. తిరుగు ప్రయాణంలో 1667లో పర్షియాలో చనిపోయాడు. ముప్పై నాలుగేండ్లు. పుస్తకం ఆయన పోయాకే అచ్చయింది.

ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్ పోతుంటే మాకు మొదట తగిలే టోల్‌గేటు ఇందల్వాయిదే. ఫాస్టాగ్ కీచుమన్నప్పుడల్లా నాకు థెవెనో గుర్తొస్తున్నాడు. మా ఆయనకు ఈ సంగతి ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పబోతే "పదహారు చోట్ల, తెలుసు" అన్నారు.

టోలు బాధ ఒక్క మనదే కాదు. స్కై దీవికి వంతెన 1995లో వచ్చింది. దాటడానికి టోలు పెట్టారు. ఇంటి నుంచి పక్కూరికి పోవడానికి ఇంత డబ్బేమిటని ఆ దీవి వాళ్ళు కట్టం పొమ్మన్నారు. కోర్టుల చుట్టూ తిరిగారు, ఎంతోమందికి శిక్షలు పడ్డాయి. చివరికి 2004 డిసెంబరులో టోలు ఎత్తేశారు. మేం ఆ వంతెన ఉచితంగానే దాటాం, ఎవరి పుణ్యమో తెలియకుండానే.

అక్కడి కొండదారులు కూడా ప్రయాణికుల కోసం పుట్టినవి కావు. 1715లో తిరుగుబాటు వచ్చాక ఆ కొండజనాన్ని అదుపులో పెట్టడానికి జనరల్ వేడ్ అనే సేనాని 1725 నుంచి రోడ్లు వేయించాడు. సుమారు 250 మైళ్ళు, 40 వంతెనలు. తీరా 1745లో మళ్ళీ తిరుగుబాటు వస్తే, తిరగబడ్డవాళ్ళే ఆ రోడ్ల మీద దర్జాగా నడిచి వచ్చారు! రోడ్డుకు యజమాని ఎవరో తెలియదు కదా. పల్లెజనం పోవడానికని దారులు వేసింది ఆ తర్వాత, 1803 నుంచి, టెల్ఫర్డ్ అనే ఇంజనీరు. తొమ్మిది వందల మైళ్ళకు పైగా వేశాడు. చిన్న కంకర పరిచి గట్టిపరిచే పద్ధతికి పేరొచ్చిన మెకాడం కూడా స్కాట్లాండు వాడే. అంటే బాపు దిగనని కూర్చున్న ఆ కంకర కూడా ఒక రకంగా అక్కడి నుంచి వచ్చిందే.

ఇంకో సంగతి తెలిసి మా చెల్లెకు రాత్రిపూట ఫోను చేశాను. నిజాం రాజ్యంలో 1932లో రైల్వే శాఖ కింద ప్రభుత్వ బస్సులు మొదలయ్యాయి. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. మన ఆర్టీసీకి అదే మొదలు. అప్పటి ఆల్బియన్ కంపెనీ బస్సు ఒకటి, 'డక్కన్ క్వీన్' అని, హైదరాబాద్ బస్ భవన్‌లో ఇప్పటికీ ఉంది. ఆల్బియన్ ఫ్యాక్టరీ ఎక్కడిదనుకుంటున్నారు? గ్లాస్గోలోని స్కాట్స్‌టన్. "మా ఇంటి నుంచి పదిహేను నిమిషాలే అక్కా" అంది మా చెల్లె. తెలియని దేశపు బండి మన పల్లెదారుల మీద నడిచిన తొంభై ఏండ్లకు, మనం పోయి వాళ్ళ పల్లెదారి మీద బురదలో దిగబడ్డాం. బాకీ తీరిపోయింది.

శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. బాపు అప్పటికే చెరుకు తగ్గించాడు, ఆ తర్వాత పూర్తిగా మానేసి వరి వేస్తున్నాడు. ఎడ్లు ఎప్పుడో పోయాయి. కచ్చురం చక్రం ఒకటి పశువుల కొట్టం గోడకు ఆనించి ఉంది, మా చిన్నది దాంతో ఫోటో దిగి పెట్టుకుంది.

బాపు కథ మా ఆయనకు స్కైలోనే చెప్పాను. తర్వాత ఆ దీవిలో ఉన్న రెండు రోజులూ ఆయన ఎదురొచ్చిన ప్రతి బండికీ ఆగారు, సైకిళ్ళకు కూడా. పిల్లలు వేళ్ళు లేపి థాంక్స్ చెప్పడం నేర్చుకుని ఇంటికొచ్చాక కూడా ఎదురొచ్చే ఆటోలకు లేపేవారు. ఇక్కడ ఎవరూ తిరిగి లేపరు, అయినా.

మొన్న యాసంగి కోతలప్పుడు బాపును దించడానికి బోధన్ వైపు పోతున్నాం. ఎదురుగా వడ్ల ట్రాక్టరు, ట్రాలీ మీద కుప్పలా. రోడ్డు వెడల్పే, ఇద్దరికీ చాలు. అయినా మా ఆయన ఇండికేటర్ వేసి పక్కకు దింపి ఆగారు. ట్రాక్టరు పోయింది. మళ్ళీ కదలబోతుంటే వెనక నుంచి బాపు గొంతు.

"అల్లుడూ, జర ఆపు."

నేను వెనక్కి తిరిగి చూశాను. బాపు నా వైపు చూడటం లేదు. డోరు తీసుకుని దిగాడు. మా ఆయన కూడా దిగి వెనకాలే పోయారు. ఇద్దరూ రోడ్డు పక్క నడుస్తున్నారు. బాపు మోరీ కోసం చూస్తున్నాడని నాకు అర్థమైంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు చెట్లు కొట్టేశారు, మోరీలు కొత్తవి కట్టారు. చింతచెట్టు లేదు.

"ఇక్కడనే" అన్నాడు బాపు. ఇంకో పది అడుగులు వేసి, "కాదు, ఇంకా ముంగటికి" అన్నాడు. మా ఆయన ఏమీ అనకుండా ఆయన వెంట నడుస్తూనే ఉన్నారు. నేను కారులోంచి చూస్తూ కూర్చున్నాను.